నీ తలనొప్పి ఏ వేళకొస్తుంది చెల్లాయ్?

చెల్లాయ్, ఒక మాట అడుగుతాను, కాస్త ఆలోచించి చెప్పు. నీకొచ్చే తలనొప్పి ఏ వేళకొస్తుంది? పొద్దున్నే లేస్తూనే వస్తుందా, ఎండెక్కాక వస్తుందా, సాయంత్రం దీపాలు పెట్టే వేళకా? నుదుటి మీదా, ఒక కణతలోనా, మెడ వెనకా? ఆదివారాలు కూడా వస్తుందా, పనిరోజుల్లోనేనా?

"ఏమో అక్కా, తలనొప్పి తలనొప్పే కదా, ఓ బిళ్ల వేసుకుని పనిలో పడతాను" అంటావని నాకు తెలుసు. మనలో చాలామంది అనే మాటే అది. పిల్లవాడు తల పట్టుకు కూర్చుంటే ఆ పూటే డాక్టరు దగ్గరికి పరిగెత్తే మనం, మన తలను మాత్రం కాఫీ చుక్కతోనో, నుదుటికి రాసుకునే మందుతోనో సర్దుకోమంటాం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన నాటి నుంచీ అది మన అమ్మమ్మలకీ అమ్మలకీ ఎంత ఊరటనిచ్చిందో నేను చెప్పక్కర్లేదు. రాసుకో, తప్పు లేదు, కంటికి తగలకుండా చూసుకో. అయితే నెలల తరబడి రోజూ రాసుకోవలసి వస్తోందంటే ఆ నొప్పి ఎక్కడ పుడుతోందో వెతకాలి. మనం వెతకని చోట్లలో మొదటిది కళ్లు.

కంటికీ నుదుటికీ మెదడు మీది పొరలకీ నొప్పి కబురు మోసేది ఒకే నరం. డాక్టర్లు దాన్ని ట్రైజెమినల్ నరం అంటారు. ముఖంలో అది మూడు కొమ్మలుగా చీలుతుంది. పై కొమ్మ కంటినీ, కనుబొమనీ, నుదుటినీ, తల ముందు భాగాన్నీ చూసుకుంటుంది. అందుకే కంట్లో పుట్టిన నొప్పి నుదుట తెలుస్తుంది, తలలో పుట్టిన మైగ్రేన్ కంటి వెనక పొడుస్తుంది. తికమక రెండు వైపులా ఉందన్నమాట. కంటి జబ్బుని తలనొప్పి అనుకుని వదిలేసేవాళ్లున్నారు, తలనొప్పి జబ్బుకి అద్దాల మీద అద్దాలు మార్చేవాళ్లూ ఉన్నారు.

ముందు సైటు సంగతి చూద్దాం. మైనస్ సైటు వల్ల దూరం మసకగా కనిపిస్తుందే తప్ప తలనొప్పి అంతగా రాదు, ఎప్పుడూ కళ్లు చికిలించి చూసే అలవాటుంటే వేరే సంగతి. తలనొప్పి తెచ్చేవి ఎక్కువగా ప్లస్ సైటూ, సిలిండర్ పవరూ. కంటి లోపల కటకం చుట్టూ చిన్న కండరం ఒకటుంది. దగ్గరి అక్షరం చూడాలంటే అది బిగుసుకోవాలి, అప్పుడు కటకం ఉబ్బి అక్షరం తేటపడుతుంది. దూరం చూసేటప్పుడు వదులవుతుంది, అదే దానికి విశ్రాంతి. ప్లస్ సైటున్న కంటికి ఆ విశ్రాంతి దొరకదు. దూరం చూడ్డానికీ బిగుసుకోవాలి, దగ్గర చూడ్డానికి ఇంకా బిగుసుకోవాలి. నిండు బిందె చంకనెత్తుకుని గంటలకొద్దీ నిలబడితే నడుమూ భుజమూ ఎలా లాగేస్తాయో, పొద్దుగూకే వేళకి ఆ కండరం గతీ అంతే.

ఇక్కడొక చిక్కుంది, దీన్ని ముఖ్యంగా పిల్లలున్నవాళ్లు వినాలి. పిల్లల్లో, వయసులో ఉన్నవాళ్లలో ఆ కండరానికి బలం ఎక్కువ. ప్లస్ సైటుని అది తన బిగువుతోనే సర్దేస్తుంది. కాబట్టి గోడ మీది బోర్డులో చివరి వరుస వరకూ గడగడా చదివేస్తారు. "చూపు 6/6, ఏ లోపమూ లేదు" అని పంపించేస్తారు. పిల్ల మాత్రం బడి నుంచి వచ్చాక పుస్తకం తెరిచిన కాసేపటికే నుదురు పట్టుకుంటుంది, చదువంటే విసుక్కుంటుంది. చదువు తప్పించుకోవడానికి వేషాలేస్తోందని మనం కసురుతాం. ఆ పిల్లకి ముందు కంట్లో చుక్కలు వేసి, కండరాన్ని సడలనిచ్చి, తర్వాత పవర్ చూడాలి. అప్పుడే దాక్కున్న ప్లస్ బయటపడుతుంది. "చుక్కలు వేసి చూస్తారా అండీ?" అని నువ్వే అడుగు. అడగడంలో నామోషీ ఏమీ లేదు.

ఇంకొకటి, అద్దాలతో పనిలేనిది. దగ్గర చూసేటప్పుడు రెండు కళ్లూ కలిసి ముక్కు వైపు తిరగాలి. కొందరికి ఆ పట్టు నిలవదు. చదువుతుంటే వరుసలు కదిలినట్టు, ఒక మాట రెండుగా విడిపోయినట్టు అనిపిస్తుంది, తల బరువెక్కుతుంది. దీనికి కంటి వ్యాయామాలున్నాయి, డాక్టరు పరీక్షించి నేర్పిస్తారు. వీడియోలు చూసి మనంతట మనం చేసుకునేవి కావు.

సైటు వల్ల వచ్చే తలనొప్పికి ఒక పద్ధతుంటుంది. నిద్రలేవగానే ఉండదు. కళ్లతో దగ్గరి పని చేసిన కొద్దీ పెరుగుతుంది. కనుబొమల పైనా, కళ్ల చుట్టూ నిదానంగా, మొద్దుగా నొస్తుంది. కళ్లు మూసుకుని కాసేపు పడుకుంటే తగ్గుతుంది. వాంతులూ అవీ ఉండవు. పని లేని రోజున రాదు. అందుకే నిన్ను ఆదివారం సంగతి అడిగాను.

ఇక నలభై దాటిన అక్కలూ, మీ దగ్గరికొస్తున్నాను. చత్వారం. ఇది రాని మనిషి లేదు. వయసుతో పాటు కంటి కటకం గట్టిపడుతుంది, కండరం ఎంత బిగుసుకున్నా అది ఉబ్బదు. సూదిలో దారం ఎక్కదు. బియ్యంలో రాళ్లు ఏరుతుంటే తెల్లరాయీ గింజా ఒకటే అయిపోతాయి. మందు అట్ట మీద తేదీ చదవడానికి చెయ్యి చాలదు. అప్పుడు ఒక జత దగ్గరి చూపు అద్దాలు పెట్టుకుంటే సరిపోయేదానికి, ఏళ్ల తరబడి నుదురు ముడేసుకుని నెట్టుకొస్తారు. బ్లౌజుల మీద మగ్గం వర్కు చేసేవాళ్లు, కుట్టు మిషను తొక్కేవాళ్లు, జగిత్యాల, నిజామాబాద్ వైపు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు, మగ్గం మీద పోగు అతికేవాళ్లు, వీళ్లందరికీ కూడు పెట్టేది దగ్గరి చూపే. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీల మీద ఒక పరిశోధన చేశారు, 2018లో అచ్చయింది. దగ్గరి చూపు అద్దాలు అందుకున్నవాళ్లు, అందుకోనివాళ్లకంటే ఐదో వంతుకి పైగా ఎక్కువ ఆకు కోశారు. అంటే అద్దాలు పెట్టుకోకపోతే తలనొప్పి రావడమే కాదు, కూలి కూడా పోతుందన్నమాట. తెలంగాణలో 2018 ఆగస్టు 15న ప్రభుత్వ కంటి వెలుగు పథకం మొదలయ్యాక, ఆంధ్రలో 2019 అక్టోబరులో మొదలయ్యాక ఊళ్లకే వచ్చి పరీక్షలు చేసి అద్దాలిచ్చారు. ఆ అద్దాలు ఎన్ని ఇళ్లలో పెట్టెల్లో మూలుగుతున్నాయో, ఎందుకు మూలుగుతున్నాయో నాకు తెలుసు. "అద్దాలు పెట్టుకుంటే ముసలిదాన్నయ్యాను అనుకుంటారు" అని.

ఆడపిల్లల సంగతి అంతకన్నా బాధ. సైటుందని తెలిసి కూడా, పెళ్లిచూపుల వేళకి అద్దాలుంటే సంబంధం తప్పిపోతుందని దాచే తల్లులున్నారు. క్లాసులో "సోడాబుడ్డి" అన్నారని జోడు సంచిలోనే దాచుకునే పిల్లలున్నారు. దాచిన కన్ను తల రూపంలో నొస్తుంది. అమ్మాయి చదువూ, ఉద్యోగమూ, బండి నడపడమూ అన్నీ చూపు మీదే ఆధారపడ్డాయి. దీని విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. అద్దాలు పెట్టుకున్న పిల్లను వద్దనే ఇంటికి ఆ పిల్లను ఇవ్వకపోవడమే మంచిది.

రోడ్డు పక్క బండి మీద అమ్మే అద్దాలు కొనుక్కోవచ్చా అని చాలామంది అడుగుతారు. వాటిలో రెండు కళ్లకీ ఒకే పవర్ ఉంటుంది, సిలిండర్ ఉండదు, అద్దం నడిబొడ్డు నీ కంటిపాపకి ఎదురుగా ఉండాలన్న నియమమూ లేదు. తాత్కాలికంగా పనికొచ్చినా కొందరికి కొత్త తలనొప్పి తెస్తాయి. అంతకన్నా పెద్ద నష్టం, ఆ సాకున కంటి డాక్టరు దగ్గరికి వెళ్లడమే మానేస్తాం. కొత్త జోడు పెట్టుకున్న తొలి రోజుల్లో, ముఖ్యంగా సిలిండరు పవరు, ప్రోగ్రెసివ్ అద్దాలకి, కాస్త తల తిప్పడం మామూలే. రెండు వారాలైనా సర్దుకోకపోతే "అలవాటవుతుందిలే" అని ఊరుకోకుండా తీసుకెళ్లి చూపించు. పవరు తప్పు పడి ఉండొచ్చు, ఫ్రేము ముక్కు మీదికి జారుతూ ఉండొచ్చు.

ఫోనూ కంప్యూటరూ గురించి నీకు రోజూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు కాబట్టి నేను క్లుప్తంగా చెబుతాను. మామూలుగా నిమిషానికి పదిహేను సార్లకి తక్కువ కాకుండా రెప్ప వేసే మనం, తెర ముందు అందులో సగం కూడా వేయం. కన్ను పొడిబారి మండుతుంది. ఇరవై నిమిషాలకోసారి, ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని, ఇరవై సెకన్లు చూడమంటారు, మంచి అలవాటు. కిటికీలోంచి ఎదురింటి కొబ్బరి చెట్టు చూసినా చాలు. నీలి కాంతిని ఆపే అద్దాలకి వేలు పోసేముందు ఒక్క సంగతి విను. 2023లో కాక్రేన్ సంస్థ పదిహేడు పరిశోధనలను కలిపి చూసి, కంప్యూటరు వల్ల వచ్చే కంటి అలసటను తగ్గించడంలో మామూలు అద్దాలకంటే వాటి వల్ల ప్రయోజనం కనబడలేదని తేల్చింది.

ఇప్పుడు రెండో వైపు. అద్దాలు మార్చాం, చుక్కలేశాం, అయినా నెలకి కొన్నిసార్లు తలలో సగం భాగం దడదడా కొట్టుకుంటుంది, వెలుతురు పడదు, చప్పుడు పడదు, అగరొత్తి వాసనకే కడుపులో తిప్పుతుంది, చీకటి గదిలో పడుకోవాలనిపిస్తుంది. ఇది సైటు కాదు చెల్లాయ్, పార్శ్వనొప్పి, మైగ్రేన్. మగవాళ్లకంటే ఆడవాళ్లలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. హార్మోన్ల ఎగుడుదిగుడులు దీన్ని రెచ్చగొడతాయి, అందుకే నెలసరికి ముందు రోజుల్లో ముదురుతుంది. కార్తీక సోమవారాల ఉపవాసాలు, ఉదయం టిఫిను మానేసి పనిలో పడటం, నిద్ర చాలకపోవడం, ఎండ, ఇవన్నీ రేపుతాయి. భక్తికి అడ్డు చెప్పను, పాలో పండో తీసుకోవడానికి ఏ దేవుడూ కోపగించుకోడు. నాకు సైనస్ అని ఏళ్ల తరబడి ఆవిరి పడుతున్నవాళ్లలో చాలామందికి అసలున్నది మైగ్రేనే.

కొందరికి నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపు గీతలు వంకర టింకరగా తిరుగుతాయి, చూపులో ఒక మచ్చ పెరుగుతుంది. గంటలోపే పోతుంది, తర్వాత తల మొదలవుతుంది. అప్పుడు ఒక్కో కన్నూ మూసి చూడు. రెండు కళ్లతోనూ కనిపిస్తే అది మెదడులోంచి వచ్చేది. ఒక కంటితోనే కనిపిస్తే కంటి డాక్టరు ఆ రోజే చూడాలి. ఈ రకం మైగ్రేన్ ఉన్నవాళ్లు ఒక సంగతి మరవకూడదు. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వీళ్లలో పక్షవాతం ప్రమాదాన్ని పెంచుతాయి. గైనకాలజిస్టు అడగకపోయినా సరే, "నాకు మెరుపులు కనిపించే మైగ్రేన్ ఉంది" అని నువ్వే చెప్పాలి.

ఇక నన్ను బాగా కలవరపెట్టే జబ్బు గురించి. మా మేనత్తకి అరవై దాటాయి, దళసరి ప్లస్ అద్దాలు. ఒక రాత్రి కుడి కంటి వెనక మొదలై సగం తల పగిలిపోయేంత నొప్పి, ఆగకుండా వాంతులు. ఇంట్లో పైత్యం అన్నారు. దగ్గర్లోని ఆసుపత్రిలో గ్యాసుకి ఇంజెక్షనిచ్చి పంపారు. కన్ను ఎర్రబడిందనీ, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయనీ, మసకేస్తోందనీ ఆవిడ చెబుతూనే ఉంది. వాంతుల గొడవలో ఆ మాట ఎవరికీ ఎక్కలేదు. కంటి డాక్టరు దగ్గరికి చేరేసరికి మర్నాటి సాయంత్రమైంది. నొప్పి తగ్గించారు కానీ ఆ కంట్లో పోయిన చూపు తిరిగి రాలేదు.

అది నీటికాసుల జబ్బు, గ్లాకోమా, అందులో హఠాత్తుగా వచ్చే రకం. కంటి లోపల నీరు ఊరుతూ, నల్లగుడ్డు అంచున ఉండే సన్నటి మూల నుంచి బయటికి పోతూ ఉంటుంది. ప్లస్ సైటున్న కళ్లు చిన్నవి, ఆ మూల ఇరుకు. వయసుతో కటకం లావెక్కితే మరింత ఇరుకవుతుంది. చీకట్లో, సినిమా హాల్లో, జలుబుకి వేసుకునే కొన్ని మందుల వల్ల కంటిపాప పెద్దదైనప్పుడు ఆ దారి ఒక్కసారిగా మూసుకుపోతుంది. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండే కంటి ఒత్తిడి 40, 50 దాటిపోతుంది. ఆ ఒత్తిడికి కంటి నరం గంటల్లో దెబ్బతింటుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లకే ఎక్కువ వస్తుంది. వెంటనే వెళ్తే మందులతో ఒత్తిడి దింపి, లేజరుతో నల్లగుడ్డు పొరలో చిన్న రంధ్రం చేస్తారు, నీటికి కొత్త దారి దొరుకుతుంది. రెండో కంటికీ ముందుజాగ్రత్తగా చేస్తారు, ఎందుకంటే దాని మూల కూడా ఇరుకే. ఇరుకుందని ముందే తెలిస్తే నొప్పి రాకముందే ఆ లేజరు చేయించుకోవచ్చు. కాబట్టి ఎర్రకన్ను, మసక, దీపం చుట్టూ రంగుల వలయం, తలనొప్పి, వాంతులు కలిసొస్తే తెల్లవారేదాకా ఆగొద్దు. క్యాజువాలిటీలో "కంటి ప్రెషర్ చూడండి" అని గట్టిగా చెప్పు.

గ్లాకోమాలో మరో రకం అసలు నొప్పే పెట్టదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1996 నుంచి 2000 దాకా ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ వాళ్లు పదివేల మందికి పైగా పరీక్షించి చూస్తే, గ్లాకోమా ఉన్నవాళ్లలో చాలామందికి తమకది ఉన్నట్టే తెలియదు. తల నొప్పెట్టడం లేదు కాబట్టి నా కళ్లు బావున్నాయి అనుకోవడానికి లేదు. కళ్లు మండుతున్నాయని మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే, అవి నెలల తరబడి వాడితే, అవే గ్లాకోమా తెస్తాయి. చీటీ లేకుండా కంట్లో ఏదీ వేసుకోకు.

ఇంకొన్ని ఉన్నాయి, విని భయపడకు, గుర్తుపెట్టుకో. కడుపుతో ఉన్న అమ్మాయికి అయిదో నెల దాటాక తల నొస్తూ కళ్లు బైర్లు కమ్మినా, మిణుగురులు కనిపించినా అది బి.పి. ముదిరిన గుర్తు కావచ్చు. కాన్పయిన తర్వాతి రోజుల్లో కూడా ఇది రావచ్చు. అద్దాల షాపుకి కాదు, నేరుగా కాన్పుల ఆసుపత్రికి వెళ్లాలి, తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదికొచ్చే విషయం. కాస్త ఒళ్లున్న వయసు అమ్మాయిల్లో తలలో ఒత్తిడి పెరిగే జబ్బొకటుంది. వంగి ముగ్గు వేసి లేచేసరికి క్షణం పాటు చూపు చీకటవుతుంది, చెవుల్లో నాడి కొట్టుకున్నట్టు హోరుమంటుంది, తల నొస్తుంది. మొటిమలకి వాడే కొన్ని మాత్రలతోనూ రావచ్చు. కంటిపాప పెద్దది చేసి లోపలి నరం చూస్తే ఉబ్బు కనిపిస్తుంది, అలా కంటి డాక్టరే ముందు పట్టుకుంటారు. యాభై దాటినవాళ్లకి కొత్తగా కణతల్లో నొప్పొచ్చి, దువ్వెన పెడితే మాడు నొస్తూ, నమిలితే దవడ లాగుతుంటే అదీ ఆలస్యం చెయ్యకూడనిదే. జీవితంలో ఎన్నడూ లేనంత నొప్పి ఒక్కసారిగా పిడుగులా వచ్చినా, చెయ్యీ కాలూ తిమ్మిరెక్కి మాట తడబడినా, ఇంకేదీ ఆలోచించకుండా పెద్దాసుపత్రికి.

బిళ్లల మాట కూడా చెప్పాలి. పారాసిటమాల్ లాంటి మామూలు మాత్రలు నెలకి పదిహేను రోజులకి తగ్గకుండా, రెండు మూడు మందులు కలిపిన తలనొప్పి బిళ్లలు నెలకి పది రోజులకి తగ్గకుండా, మూడు నెలలకి మించి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. మాత్ర దిగితే నొప్పి, నొప్పొస్తే మాత్ర, అదొక వలయం. బయటపడే దారుంది, డాక్టరు సాయంతో.

అందుకని నువ్వు చెయ్యాల్సింది ఇది. గోడ మీది వెంకట్రామా క్యాలెండరులో పాల లెక్క రాసే గడిలోనే తలనొప్పి వచ్చిన రోజున ఒక గుర్తు పెట్టు. ఏ వేళ, ఏ పక్క, ఏ పని చేస్తుండగా, ఏం తిని, ఏ బిళ్ల వేసుకుని, నెలసరి ఎప్పుడు. ఒక నెల రాస్తే చాలు, డాక్టరుకి నీ మాటలకంటే ఆ కాగితమే ఎక్కువ చెబుతుంది. అప్పుడు కంటి పరీక్షకి వెళ్లు. కంటి పరీక్ష అంటే బోర్డు చదివించి పవరు చీటీ ఇవ్వడమొక్కటే కాదు. పవరు, రెండు కళ్లూ కలిసి పనిచేస్తున్నాయో లేదో, కంటి ఒత్తిడి, చుక్కలు వేసి లోపలి నరం, ఇన్నీ చూడాలి. డబ్బుకి ఇబ్బందైతే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లు. హైదరాబాదు మెహిదీపట్నంలో సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉంది. ఊళ్లో ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కంటి పరీక్ష చేసేవాళ్లు ఏ రోజు వస్తారో ఆశా కార్యకర్తని అడుగు. కంట్లో ఏ లోపమూ లేదని తేలితే అది కూడా మంచి కబురే, నరాల డాక్టరు దగ్గరికి సగం దారి తేలిపోయినట్టే.

చుక్కలు వేశాక కొన్ని గంటల పాటు దగ్గర మసకేస్తుంది, ఎండ గుచ్చుకుంటుంది. స్కూటీ మీద వెళ్లకు, తోడు తీసుకెళ్లు. ఆ తోడుగా మీ అత్తగారినే తీసుకెళ్లు. ఆవిడకి నలభై ఎప్పుడో దాటాయి, ప్లస్ అద్దాలు కూడా ఉన్నాయంటున్నావు. చుక్కలు ఇద్దరికీ ఒకే రోజు వెయ్యనివ్వకు. ఆ రోజు ఆవిడకి కంటి ఒత్తిడీ, నీరు బయటికి పోయే ఆ మూల ఇరుకుందేమో అదీ చూడమని అడుగు. చుక్కలు వెయ్యొచ్చో లేదో దాన్ని బట్టే డాక్టరు చెబుతారు.